కదలడం సరే... ఆగడం మాటేమిటి?

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే కారు ఉంటే చాలు, మంచులో ఎక్కడికైనా వెళ్లొచ్చనుకునేవాళ్లు చాలామంది. మిషిగన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లదీ, మనాలీకి సరదాగా వెళ్లే మనవాళ్లదీ అదే ధీమా. ఆ ధీమా ఎంతవరకు నిజం? ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుంది?

అది 1986. ఫిన్లాండ్‌లోని కైపోలా. స్కీ జంపింగ్ క్రీడాకారులు పైనుంచి జారుకుంటూ వచ్చి గాల్లోకి లేచే ర్యాంపు అక్కడుంది. కింద నిలబడి చూస్తే ఆకాశానికి నిచ్చెన వేసినట్టు కనిపిస్తుంది. వాలు దాదాపు 37 డిగ్రీలు. మంచు పరుచుకున్న ఆ వాలు మీద ఒక కారు కింది నుంచి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ర్యాలీ డ్రైవర్ హరాల్డ్ డెముత్ స్టీరింగు పట్టుకున్నాడు. ఆడి 100 క్వాట్రో అనే ఆ కారు కొసదాకా ఎక్కింది. కార్ల ప్రకటనల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే దృశ్యం అది.

2005లో ఆ ర్యాంపును బాగు చేయించి, అదే కంపెనీ అదే సాహసాన్ని కొత్త కారుతో మళ్లీ చిత్రీకరించింది. అప్పుడా కారు టైర్ల నిండా లోహపు మేకులు బిగించారు. మంచులోకి గుచ్చుకుని పట్టు ఇచ్చినవి అవే. నాలుగు చక్రాలకూ బలం పంచే యంత్రాంగం ఎంత గొప్పదైనా, ఆ బలాన్ని నేలకు అందించాల్సింది టైరే. మామూలు టైర్లయితే నాలుగు చక్రాలూ ఉన్నచోటే గిర్రున తిరిగేవి.

ప్రకటన చూసినవాళ్లకు గుర్తుండిపోయింది మాత్రం కారు ఎక్కడమే. అదే వాలు మీద పైనుంచి కిందికి వస్తూ బ్రేకు వేస్తే ఏమవుతుందో ఏ ప్రకటనా చూపించదు. మంచు రోడ్ల మీద ప్రాణాలు ఎక్కువగా పోయేది ముందుకు కదల్లేక కాదు, సమయానికి ఆగలేక. అమెరికా ఫెడరల్ రహదారుల శాఖ లెక్క ప్రకారం ఆ దేశంలో మంచు, ఐస్ పట్టిన రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు. గాయపడేవాళ్లు 1,16,000 మందికి పైనే.

మనకు ఒకటే మాట

తెలుగులో దేన్నయినా ‘మంచు’ అనే అంటాం. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు పెడుతుంటే చుట్టూ కమ్ముకునేదీ మంచే. లంబసింగిలో గడ్డిపరకల మీద తెల్లగా పేరుకునేదీ మంచే. హిమాలయాల మీద కురిసేదీ మంచే. అమెరికా, కెనడాలకు వెళ్లిన తెలుగువాళ్లు మొదటి చలికాలంలోనే ఈ ఒక్క మాటను ముక్కలు చేసుకుంటారు. దూదిలా కురిసేది స్నో. సగం కరిగి బురదలా చిందేది స్లష్. గట్టిపడితే ఐస్. తారు రంగులోనే ఉండి కంటికి కనపడకుండా పరుచుకునేది బ్లాక్ ఐస్. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ‘ఇక్కడ మంచు పడుతోందమ్మా’ అనే చెబుతారు. వినే అమ్మకు అదంతా ఒకటే. టైరుకు మాత్రం అవి నాలుగు వేరు వేరు రోడ్లు.

పొడి తారురోడ్డు మీద టైరుకు దొరికే పట్టును ఇంజినీర్లు 0.7, 0.8 అని లెక్కిస్తారు. వాహనాలు తిరిగి తిరిగి గట్టిపడిన స్నో మీద అది 0.2 దగ్గరికి పడిపోతుంది. ఐస్ మీద 0.1 మిగిలితే ఎక్కువ. ఈ అంకెలను దూరంలోకి మారిస్తే అసలు సంగతి తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. గట్టి స్నో మీద దాదాపు 50 మీటర్లు కావాలి. ఐస్ మీద 100 మీటర్లు, అంటే ఎనిమిది ఆర్టీసీ బస్సులను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత దూరం. ఇందులో డ్రైవరు తేరుకుని కాలు బ్రేకు మీదకి తెచ్చే క్షణం లెక్కలేదు. ఆ ఒక్క సెకనులోనే కారు మరో 14 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది.

చలి ఎంత ఎక్కువైతే రోడ్డు అంత జారుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఐస్ గరుకుగా, కాస్త పట్టు ఇచ్చేలా ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర, కరగనా వద్దా అన్నట్టున్న ఐస్ పైన సన్నటి నీటి పొర తేలుతుంది. అప్పుడే అది అన్నిటికన్నా ప్రమాదకరం. బావి గట్టు మీద పాచి పట్టిన రాయి ఎండినప్పుడు పాదం నిలుస్తుంది, తడిసిందంటే కాలు వేయనివ్వదు. దాదాపు అలాంటిదే. అందుకే చలి దేశాల్లో ఏళ్లుగా బండి నడిపినవాళ్లు గడ్డకట్టే జనవరి రాత్రికన్నా, సున్నాకు అటూ ఇటూ ఊగే నవంబరు ఉదయానికే ఎక్కువ జాగ్రత్త పడతారు.

కారు మింగేసే హెచ్చరిక

నేలను తాకుతూ ఉండేది ఒక్కో టైరులో అరచేయంత భాగమే. కారు కదలాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా ఆ నాలుగు అరచేతుల పట్టే ఆధారం. రెండు చక్రాలకే బలం అందే కారులో కదిలించే భారమంతా రెండు టైర్ల మీద పడుతుంది. పట్టు తక్కువున్న చోట అవి ఓడిపోయి గిర్రున తిరుగుతాయి. నాలుగు చక్రాలకూ బలం పంపే ‘ఆల్ వీల్ డ్రైవ్’ అదే భారాన్ని నలుగురికీ పంచుతుంది. ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది కాబట్టి ఎవరూ జారరు, కారు నెమ్మదిగా ముందుకు పాకుతుంది. స్నో కప్పేసిన పార్కింగు నుంచి బయటపడటానికీ, జారుడు ఎత్తు ఎక్కడానికీ దీన్ని మించింది లేదు. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం తప్పు.

బ్రేకు విషయం వేరు. ఏ కారులోనైనా, ఎంత చౌకదైనా, బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆగేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ అదనంగా ఇచ్చేదేమీ లేదు. పైగా ఆ యంత్రాంగం వల్ల కారు కొంత బరువెక్కుతుంది. మలుపులోనూ అంతే. ఇంజిన్ బలం ఎన్ని చక్రాలకు వెళ్లినా పక్కకు జారకుండా పట్టి ఉంచాల్సింది టైరే. నెల జీతం ఒక్కటే, అందులోంచే ఇంటద్దె, అందులోంచే బియ్యం. టైరు పట్టు కూడా అలాంటిదే. మలుపులో ఉండగా గట్టిగా బ్రేకు వేస్తే ఆ కొద్ది జీతం రెండు ఖర్చులకూ చాలదు.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. దీని గురించి షోరూముల్లో ఎవరూ మాట్లాడరు. ముందు చక్రాలకే బలం అందే మామూలు కారును ఐస్ మీద కదిలించబోతే చక్రాలు ఊరికే తిరుగుతాయి, చప్పుడు చేస్తాయి, బండి పక్కకి ఒరుగుతుంది. ఇంటి ముందే, ఇంకా గంటకు 5 కిలోమీటర్ల వేగం అందుకోకముందే, డ్రైవరుకు అర్థమైపోతుంది, ఇవాళ రోడ్డు బాగోలేదని. అది కారు ఇచ్చే హెచ్చరిక. ఆల్ వీల్ డ్రైవ్ కారు ఆ హెచ్చరికను మింగేస్తుంది. ఎండాకాలంలో కదిలినంత హాయిగా కదులుతుంది. డ్రైవరు కూడా ఎండాకాలపు వేగానికే వెళ్లిపోతాడు. రోడ్డు ఎలా ఉందో అతనికి మొదటిసారి తెలిసేది, ముందు వాహనం ఎర్రలైటు వెలిగి, తన కాలు బ్రేకు మీద పడినప్పుడు. పెద్ద మంచు తుపాను తర్వాత హైవే పక్కన గుంటల్లో ఎస్‌యూవీలు కూడా పడి ఉండటంలో ఈ ధీమాకు పెద్ద వాటా ఉంది.

కరెంటు తీగల కోసం పుట్టిన కారు

నాలుగు చక్రాలకూ బలం ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. డచ్ కంపెనీ స్పైకర్ 1903లోనే అలాంటి రేసు కారు తయారు చేసింది. ఆ తర్వాత చాలాకాలం అది జీపులకూ, సైనిక వాహనాలకూ పరిమితమైంది. మామూలు రోడ్డు కారులోకి దాన్ని తెచ్చిన వారిలో ఒకరి పేరు తెలుగు రైతులకు బాగా పరిచయం, హ్యారీ ఫెర్గూసన్. మన పొలాల్లో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరులో సగం పేరు ఆయనదే. ఆయన నెలకొల్పిన పరిశోధన సంస్థ రూపొందించిన విధానంతో 1966లో బ్రిటన్‌లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. నాలుగు చక్రాలకూ బలం ఇచ్చిన ఆ కారులోనే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు కూడా పెట్టారు. విమానాల కోసం డన్‌లప్ తయారుచేసిన పరికరం అది. కదిలే శక్తి పెంచినప్పుడు ఆగే తెలివి కూడా పెంచాలని ఆ ఇంజినీర్లు అప్పుడే గ్రహించారు. తయారైనవి 320 కార్లే. అయినా ఆ రెండింటినీ జతగా చూసిన వాళ్ల ఆలోచన ఇప్పటికీ సరైనదే.

జపాన్‌లో ఈ కథ కరెంటు స్తంభాల దగ్గర మొదలైంది. ఈశాన్యంలోని తొహోకు ప్రాంతంలో చలికాలమంతా కొండలు స్నోలో మునిగి ఉంటాయి. తెగిన తీగలు బాగుచేయడానికి అక్కడి విద్యుత్ సంస్థ సిబ్బంది జీపుల్లో వణుకుతూ వెళ్లేవారు. జీపులా మంచులో వెళ్లాలి, కారులా వెచ్చగా ఉండాలని ఆ సంస్థ అడిగింది. అక్కడి సుబారు డీలరు చేసిన ప్రయోగం కంపెనీ దాకా వెళ్లి, 1972లో లియోన్ 4డబ్ల్యూడీ ఎస్టేట్ వ్యానుగా బయటికొచ్చింది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇవాళ ఏ వీధిలో చూసినా సుబారులే కనిపించడానికి మూలం అక్కడే ఉంది.

ఆడి కథ ఫిన్లాండ్‌లో మొదలైంది. 1976-77 చలికాలంలో అక్కడ కార్లను పరీక్షిస్తున్నప్పుడు, ఇంజిన్ బలం అంతగా లేని ఇల్టిస్ అనే సైనిక వాహనం మంచులో మిగతా కార్లను వెనక్కి నెట్టేయడం ఇంజినీరు యోర్గ్ బెన్‌సింగర్ కంటపడింది. 1980 జెనీవా ప్రదర్శనలో క్వాట్రో వచ్చింది. మరుసటి ఏడాది హన్ను మిక్కోలా మంచులో జరిగే స్వీడిష్ ర్యాలీని దానితోనే గెలిచాడు. అదే ఏడాది ఇటలీ సాన్‌రెమోలో మిషెల్ మూటన్ గెలిచింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి మహిళ ఆమె. అక్కడితో ర్యాలీల్లో రెండు చక్రాల బలంతో నెగ్గే రోజులు చివరికొచ్చాయి. ర్యాలీ కార్లు మంచు పోటీల్లో మేకుల టైర్లతో దిగుతాయన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడొచ్చే చాలా కార్లలో ఆల్ వీల్ డ్రైవ్ ఎప్పుడూ పనిచేస్తూ ఉండదు. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే కంప్యూటరు వెనక చక్రాలను కలుపుతుంది. జీపు తరహా వాహనాల్లో డ్రైవరే లీవరు వేసి కలపాలి. పొడి రోడ్డు మీద అలా కలిపి ఉంచితే మలుపుల్లో బిగుసుకుని గేర్లు దెబ్బతింటాయి. రెండు మోటార్ల ఎలక్ట్రిక్ కార్లలో ముందొకటి, వెనకొకటి ఉంటాయి కాబట్టి సర్దుబాటు రెప్పపాటులో జరిగిపోతుంది. ఇవన్నీ బలాన్ని పంచే పద్ధతుల్లో తేడాలే. ఆగేటప్పుడు అన్నీ టైరు మీదే ఆధారపడతాయి.

రబ్బరుకూ చలి వేస్తుంది

చలి దేశాల్లో కారు గురించి ఎవరైనా నిజంగా తెలిసినవాళ్లను అడిగితే ముందు టైర్ల గురించే చెబుతారు. మామూలు టైరులోని రబ్బరు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే గట్టిపడటం మొదలవుతుంది. గట్టి రబ్బరు రోడ్డు మీది సన్నటి గరుకుల్లోకి ఒదగదు, పైపైన జారిపోతుంది. వింటర్ టైరు రబ్బరును మైనస్‌లలో కూడా మెత్తగా ఉండేలా తయారు చేస్తారు. దాని మీద బ్లేడుతో గీసినట్టు వందలాది సన్నని చీలికలు ఉంటాయి. అవి ఐస్ మీది నీటి పొరను పీల్చుకుని, అంచులతో పట్టుకుంటాయి. లోతైన గాళ్లలో స్నో ఇరుక్కుంటుంది. అది నష్టం కాదు, లాభం. రబ్బరుకన్నా స్నోకి స్నోయే బాగా అంటుకుంటుంది. పిల్లలు చేసే మంచు ఉండ అలాగే గట్టిపడుతుంది.

ఈ టైరు పుట్టినూరు పేరు తెలుగువాళ్లు ఒకప్పుడు జేబులో పెట్టుకుని తిరిగారు. ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో ఉన్న రబ్బరు కంపెనీ 1934లో ట్రక్కుల కోసం మొదటి వింటర్ టైరు చేసింది. 1936లో కార్ల కోసం హక్కపెలీటా వచ్చింది. ఆ పేరు ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఆ రబ్బరు కంపెనీ 1967లో నోకియా సంస్థలో కలిసింది, తర్వాత విడిపోయి నోకియన్ టైర్స్ అయింది.

అమెరికాలో కొత్త కారుతో సాధారణంగా వచ్చేవి ‘ఆల్ సీజన్’ టైర్లు. ఆ పేరు చాలామందిని మోసగిస్తుంది. టైరు గోడ మీద ‘ఎం+ఎస్’ అని ఉంటే అది గాళ్ల ఆకారాన్ని బట్టి ఇచ్చిన గుర్తు మాత్రమే. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటే ఆ టైరును నిజంగా స్నో మీద పరీక్షించారని అర్థం. కొనేవాళ్లు చూడాల్సింది ఆ బొమ్మ కోసం. వింటర్ టైర్లు వేసిన మామూలు ముందు చక్రాల కారూ, ఆల్ సీజన్ టైర్లతో ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ కారూ పక్కపక్కనే ఐస్ మీద బ్రేకు వేస్తే ముందు ఆగేది మొదటిదే. డబ్బు ఒకదానికే సరిపోతే టైర్లకు పెట్టడం మేలు. రెండూ ఉంటే ఇంకేం కావాలి!

ఆల్ వీల్ డ్రైవ్ కొన్నవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉండాలి. రెండు కొత్తవీ, రెండు పాతవీ అయితే వాటి చుట్టుకొలతల్లో తేడా వస్తుంది. ఆ తేడాను సర్దుతూ సర్దుతూ లోపలి యంత్రాంగం వేడెక్కి పాడవుతుంది. రిపేరు ఖర్చు టైర్ల ధరకు ఎన్నో రెట్లు అవుతుంది.

కెనడాలోని క్యుబెక్ ఈ విషయంలో మొహమాటపడలేదు. 2008 నుంచి అక్కడ వింటర్ టైర్లు తప్పనిసరి. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా. ఎన్ని చక్రాలకు బలం అందుతుందన్న ప్రశ్నే లేదు. కాలిఫోర్నియా కొండదారుల్లో మూడు దశల బోర్డులు పెడతారు. రెండో దశలో అన్ని వాహనాలకూ గొలుసులు బిగించాలి, నాలుగు చక్రాల బలమున్న వాటికి మినహాయింపు. ఆ మినహాయింపు కూడా నాలుగు స్నో టైర్లు ఉంటేనే, గొలుసులు బండిలో వెంట ఉంటేనే. మూడో దశ వస్తే ఎవరికీ మినహాయింపు లేదు. ఆల్ వీల్ డ్రైవ్ ఎక్కడివరకు పనికొస్తుందో ఆ బోర్డులు చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఫోర్ట్‌వర్త్ ఉదయం

డాలస్-ఫోర్ట్‌వర్త్ అంటే తెలుగువాళ్లకు పక్క జిల్లా ఎంతో అంత. మంచు పెద్దగా పడని ఊరు, వింటర్ టైర్ల మాట వినపడని ఊరు. 2021 ఫిబ్రవరి 11న ఇంకా తెల్లవారకముందు, ఐ-35 వెస్ట్ రహదారి టోలు వరసల్లో వాహనాలు పోతున్నాయి. వరసలకు రెండు పక్కలా కాంక్రీటు గోడలు. గాలిలోని సన్నటి జల్లు రోడ్డును తాకగానే గడ్డకట్టి, కంటికి కనపడని గాజు పొరైంది. ఒక వాహనం జారి ఆగింది. వెనక వచ్చినవాళ్లు బ్రేకు వేశారు, వేగం మాత్రం తగ్గలేదు. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. పెద్ద ట్రక్కులు కార్ల మీదికెక్కాయి. సుమారు 130 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు.

ఆ పొర మీద ఎలాంటి కారైనా ఒకటే. వంతెనలు, ఎత్తుగా కట్టిన రోడ్లు అన్నిటికన్నా ముందు గడ్డకడతాయి. నేల మీది రోడ్డుకు అడుగున భూమి వెచ్చదనం ఉంటుంది. వంతెనకు పైనా కిందా చలిగాలే. ఇంటి నుంచి వంతెన దాకా రోడ్డు బాగుందని, వంతెన మీద కూడా బాగుంటుందని అనుకోకూడదు. రోడ్డు మీద ఉప్పు చల్లారులే అనే భరోసాకూ ఒక హద్దుంది. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల కిందికి పోతే సరిగ్గా పనిచేయదు.

కాలితో మాట్లాడటం

స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో లైసెన్సు కావాలంటే జారుడు నేల మీద బండి నడిపే శిక్షణ పూర్తిచేయాలి. కారు అదుపు తప్పడం ఎలా ఉంటుందో కుర్రాళ్లు అక్కడ ప్రమాదం లేకుండా తెలుసుకుంటారు. చలి లేని ఊళ్లలో డ్రైవింగు నేర్చుకుని వెళ్లిన తెలుగువాళ్లకు ఆ పాఠం ఎవరూ చెప్పరు. మొదటిసారి స్నో పడ్డాక, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగు స్థలంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గట్టిగా బ్రేకు వేసి చూడటం మంచి పాఠం. పెడలు కింద దడదడమని కంపిస్తుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. తీయకూడదు. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తున్న చప్పుడు. కాలు అలాగే గట్టిగా అదిమి ఉంచితే స్టీరింగు మాట వింటుంది. చక్రాలు బిగుసుకుంటే వినదు. ఈ ఏబీఎస్ కూడా పట్టును పుట్టించదు, ఉన్నదాన్ని సరిగ్గా వాడుతుంది, అంతే.

ఐస్ మీద నడిపేటప్పుడు ప్రతి పనీ నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. నిండు బిందె నెత్తిన పెట్టుకుని పాచి మెట్లు దిగే మనిషి ఎలా అడుగులేస్తుందో అలా. మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే వేగం తగ్గించాలి. స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే పోతుంటే ముందు టైర్లు పట్టు వదిలేశాయని గుర్తు. అప్పుడు ఇంకా తిప్పడం తప్పు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును కాస్త వెనక్కి తెచ్చి, పట్టు తిరిగొచ్చేదాకా ఓపిక పట్టాలి. వెనక భాగం పక్కకి జారితే కళ్లు వెళ్లాలనుకున్న దారి మీదే పెట్టి, చేతులు అటే తిప్పాలి. కళ్లు చెట్టును చూస్తే కారు చెట్టు దగ్గరికే పోతుంది.

ముందు వాహనానికి పొడి రోడ్డు మీద మూడు సెకన్ల ఎడం చాలు. ఇక్కడ ఎనిమిది, పది సెకన్లు కావాలి. మధ్యలో ఎవరో దూరిపోతారు. దూరనివ్వాలి, మళ్లీ వెనక్కి తగ్గాలి. క్రూయిజ్ కంట్రోల్ ముట్టుకోకూడదు. పల్లంలో చిన్న గేరు వేసి ఇంజిన్‌తోనే నిలువరించాలి. ఎలక్ట్రిక్ కారులో పెడలు వదలగానే తనంతట తాను వేగం తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఐస్ మీద ఆ లాగుడు కూడా చక్రాలను జార్చగలదు, అందుకే వీలుంటే దాని జోరు తగ్గించుకోవాలి. చలి పెరిగేకొద్దీ టైర్లలో గాలి కూడా తగ్గుతుంది. ప్రతి 5, 6 డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్ఐ చొప్పున.

ఆగిపోయిన రాత్రి

ఎంత బాగా నడిపినా ముందున్నవాళ్లు ఇరుక్కుంటే ఎవరైనా ఆగాల్సిందే. 2022 జనవరి 3న వర్జీనియాలో ఐ-95 హైవే మీద అదే జరిగింది. ముందు కురిసిన వానకు, రోడ్డు మీద చల్లే ఉప్పునీరు నిలవని పరిస్థితి. ఆపై వేగంగా స్నో పడింది. ట్రక్కులు అడ్డం తిరిగాయి. సుమారు 77 కిలోమీటర్ల మేర దారి మూసుకుపోయింది. వాషింగ్టన్ బయల్దేరిన సెనేటర్ టిమ్ కెయిన్ 27 గంటలు కారులోనే గడిపారు. అదృష్టవశాత్తూ అక్కడ ఎవరూ చనిపోలేదు.

నాలుగు రోజుల తర్వాత పాకిస్థాన్‌లోని ముర్రీలో అలా జరగలేదు. హిమపాతం చూడటానికి కుటుంబాలతో వచ్చిన వేల కార్లు కొండదారిలో ఇరుక్కున్నాయి. రాత్రి తెల్లవారేసరికి కనీసం 22 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. చలితోపాటు, కార్లలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసిందని వైద్యులూ అధికారులూ చెప్పారు. వెచ్చదనం కోసం ఇంజిన్ నడుపుతూ కూర్చుంటే, సైలెన్సర్ గొట్టం స్నోలో కూరుకుపోయి పొగ లోపలికి తిరుగుతుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. ఇరుక్కున్నప్పుడు మొదట గొట్టం చుట్టూ స్నో తవ్వేయాలి, తర్వాతే ఇంజిన్. అది కూడా గంటకు పది నిమిషాలు, కిటికీ కొద్దిగా తెరిచి. కంబళి, నీళ్లు, తినడానికి ఏదో ఒకటి, చిన్న పార, ఫోను ఛార్జరు డిక్కీలో ఉండాలి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు.

మనాలీ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇది దూరపు ముచ్చట కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం, పొడవు 9.02 కిలోమీటర్లు, అంతకుముందు చలికాలంలో చేరలేని లాహౌల్ లోయను యాత్రికుల ముందు పెట్టింది. భారీగా స్నో పడిన రోజుల్లో అక్కడి పోలీసులు ఫోర్ బై ఫోర్ వాహనాలనే పైకి పంపుతారు. 2024 డిసెంబరులో సోలంగ్, అటల్ సొరంగం మధ్య వందల వాహనాలు చిక్కుకుంటే రాత్రంతా శ్రమించి జనాన్ని దింపారు. మన దేశంలో ఎస్‌యూవీ పేరుతో అమ్ముడయ్యేవాటిలో చాలావాటికి బలం అందేది రెండు చక్రాలకే. ఎత్తుగా, బలిష్ఠంగా కనపడటం వేరు, పట్టు వేరు. ఫోర్ బై ఫోర్ అయినా అరిగిన మామూలు టైర్లతో పల్లంలో దిగుతుంటే అది పెద్ద జారుడు బల్ల మీద పెద్ద బరువు మాత్రమే. అక్కడ టాక్సీ మాట్లాడుకునేవాళ్లు బేరం ఆడేముందు టైర్ల గాళ్లలో వేలు పెట్టి చూడాలి, గొలుసులు ఉన్నాయా అని అడగాలి. డ్రైవరు ‘ఇవాళ వద్దు’ అంటే ఆ మాట వినాలి.

ఈ చలికాలం డెట్రాయిట్ నుంచో, టొరంటో నుంచో పిల్లలు ఫోను చేసి కొత్త కారు కొన్నామని, నాలుగు చక్రాలకూ బలం అందే బండని, భయం లేదని చెబితే సంతోషించండి. ‘తిన్నావా’ అని అడిగాక ఇంకొకటి కూడా అడగండి. ‘వింటర్ టైర్లు వేయించావా?’ లేదంటే మొదటి స్నో పడకముందే వేయించమనండి.